చల్లపల్లి సెలవు మీద లండన్ వెళ్ళిన శౌరమ్మ

పేరు శౌరమ్మ. వయస్సు యాభై ఆరు సంవత్సరాలు. వృత్తి పసిపిల్లల వార్డులో ఆయా. ఆమెను నేను ఎరిగిన కాలం ముప్పై ఒక్క సంవత్సరాలు.

ఆసుపత్రి పరిపాలనాధికారిణి సిస్టర్ తెరేసమ్మ గారి సముఖానికి, విజయవాడ నివాసి, నీటిపారుదల శాఖ విశ్రాంత సూపరింటెండెంటు, డెబ్బై నాలుగేళ్ళ వయస్సు గల రామకోటేశ్వరరావు అనే నేను ఈ వివరాలు వ్రాసి పంపుకుంటున్నాను. తమరు ఈ ఆసుపత్రి బాధ్యతలు స్వీకరించి రెండు నెలలే అయింది. అందుచేత శౌరమ్మను కాగితాల మీద తప్ప ఎరిగే అవకాశం తమరికి కలగలేదు. కాగితాల మీద ఉన్నది ఇది. ఆమె పదిహేను రోజుల సెలవుకు పెట్టుకున్న అర్జీలో "చల్లపల్లిలో మా అక్కగారి ఇంట గృహప్రవేశం నిమిత్తం" అని ఉంది. ఆ సెలవు ఐదో రోజున ఆమె లండన్ నగరంలో ఒక ఎర్ర బస్సు ముందు, చేతిలో పసిబిడ్డతో నవ్వుతూ నిలబడిన ఫొటో వార్డులో అందరి ఫోన్లలోనూ ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన మీదట తమరు మెమో జారీ చేశారు. అబద్ధపు కారణం చూపి సెలవు తీసుకున్నందుకు ఏడు రోజుల్లో సరైన సంజాయిషీ ఇవ్వకపోతే ఆమెను పసిపిల్లల వార్డు నుంచి లాండ్రీకి శాశ్వతంగా మారుస్తామని అందులో ఉంది. తమరి కుర్చీలో నేను కూర్చున్నా అదే మెమో ఇచ్చి ఉండేవాడిని. అయితే ఆ అర్జీలోని దస్తూరీ నాది. కాబట్టి సంజాయిషీ కూడా నేనే వ్రాయడం న్యాయం.

మొదట ఆమె ఎవరో చెప్పాలి.

ముప్పై ఒక్క సంవత్సరాల క్రితం మా అమ్మాయి వినీల పుట్టినప్పుడు, బిడ్డకు నీళ్ళు పోయడానికి ఎవరైనా కావాలని మా ఇంటావిడ శివపార్వతి వాకబు చేస్తే, చల్లపల్లి వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పాతికేళ్ళ శౌరమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. నేను ఆఫీసు పద్ధతికి అలవాటుపడినవాడిని గనుక, పూర్వానుభవానికి ధ్రువపత్రం ఏదైనా ఉన్నదా అని అడిగాను.

"బిడ్డ ఏడుపు ఆగితే అదే పత్రమండీ" అన్నది. "ఆగకపోతే మీరే ఏదో కాగితం తీసి చూపించండి. దానికైనా ఆగుద్దేమో."

ఆమె పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద వినీలను పడుకోబెట్టుకుని, నూనె రాసి, ముక్కు సాగదీసి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, గుడ్డలో చుట్టి మా ఇంటావిడ చేతిలో పెట్టేసరికి బిడ్డ నిద్రపోయింది. మరి కాగితం అవసరం రాలేదు. ఆనాటి నుంచి ఆమె నన్ను అన్నయ్యగారూ అని, శివపార్వతిని వదినగారూ అని పిలుస్తున్నది. తరువాత ఏడేళ్ళకు తమరి ఆసుపత్రిలో ఆయాగా చేరింది. భర్త పోయి పదహారేళ్ళయింది. ఒక్కతే కూతురు దీవెన. ఆ పిల్లను నర్సింగు చదివించింది. దీవెన, ఆమె భర్త బాలశౌరి ఇద్దరూ ఇప్పుడు లండన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సులు.

దీవెన కాన్పుకు తల్లి దగ్గరకు వచ్చింది. తమరి ఆసుపత్రిలోనే నెలలు నిండకముందే కవలలు పుట్టారు. ఇద్దరూ మగపిల్లలు. ఇద్దరిదీ ఒకే పోలిక. పెద్దవాడు ఆరోన్, నాలుగు నిమిషాల చిన్నవాడు జోయెల్. జోయెల్ బరువు బాగా తక్కువగా ఉండి పదకొండు రోజులు పసిపిల్లల వార్డులో గాజు పెట్టెలో ఉన్నాడు. రోజూ మడమలో సూదితో పొడిచి రక్తం తీసి పరీక్ష చేసేవారట. ఆ పొడిచేటప్పుడు పాదాన్ని వెచ్చటి గుడ్డలో కాసేపు ఉంచి, కదలకుండా పట్టుకోవడం ఆయా పని. ఆ పదకొండు రోజులూ జోయెల్ ఎడమ పాదాన్ని పట్టుకున్నది వాళ్ళ అమ్మమ్మే. ఈ విషయం తరువాత మళ్ళీ వస్తుంది కాబట్టి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

బాలశౌరి తనకున్న సెలవులన్నీ కాన్పు సమయానికే వాడుకుని తిరిగి వెళ్ళిపోయాడు. పిల్లలకు నాలుగు నెలలు నిండాక దీవెన బయలుదేరవలసి వచ్చింది. విమానం వాళ్ళ నియమం ప్రకారం ఒక పెద్ద మనిషి ఒడిలో ఒక పసిబిడ్డ మాత్రమే ఉండాలి. ఇద్దరు బిడ్డలుంటే ఇద్దరు పెద్దలుండాలి. ఆ రెండో మనిషి శౌరమ్మ. పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది. ఆమె బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళి బందరు లడ్డూలు కొని తెచ్చి వార్డులో అందరికీ పంచింది. పాస్‌పోర్టులోని ఫొటో చూపించి అందరినీ నవ్వించింది. అబద్ధం చెప్పి వెళ్ళదలచిన మనిషి ముందురోజు లడ్డూలు పంచదని తమరికి మనవి చేస్తున్నాను.

ఇక మిగిలింది సెలవు చీటీ. అది నా దగ్గరకు వచ్చింది.

మా వీధిలో అందరి అర్జీలూ నేనే వ్రాస్తాను. వట్టి కాగితం ముందు పెట్టుకుని ఏనాడూ మొదలుపెట్టలేదు. పాత మాదిరి ఒకటి తీసి, పక్కన పెట్టుకుని, తేదీలు మార్చి, చక్కగా తిరగరాయడం నా పద్ధతి. ముప్పై ఆరేళ్ళు కాలవల ఆఫీసులో అదే చేశాను. శౌరమ్మ పేరున ఉన్న మాదిరి నాలుగేళ్ళ నాటిది. అప్పుడు నిజంగానే చల్లపల్లిలో ఆమె అక్కగారు ఇల్లు కట్టుకున్నది. నేను తేదీలు మార్చాను. "నాలుగు రోజులు" అన్న చోట "పదిహేను రోజులు" అని మార్చాను. మార్జిను సరిగ్గా వచ్చింది. ఒక్క కొట్టివేత లేదు. కారణం మాత్రం మార్చలేదు. కళ్ళు అక్షరాల వంపుల మీద ఉన్నాయి. అర్థం మీద లేవు.

"ఒకసారి చదువుకుని సంతకం పెట్టమ్మా" అన్నాను.

"మీరు రాశాక నేను చదవడమేంటండీ, తప్పులు పడతానా?" అని సంతకం పెట్టి, మడిచి, సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. పాల సీసాలు ఉడకబెట్టే పనిలో ఆమెకు క్షణం తీరిక లేదు. ఎనిమిది సీసాలనూ మా వంటింట్లో ఇడ్లీ పాత్రలోనే ఆవిరి పట్టారు. ఆ రెండు రోజులూ మాకు ఇడ్లీ లేదు.

ప్రయాణం సంగతి నేను ముగ్గురి దగ్గర విడివిడిగా విన్నాను. శౌరమ్మ చెప్పింది. దీవెన ఫోన్‌లో చెప్పింది. విమానంలో శౌరమ్మ పక్క సీట్లో కూర్చున్న జమాల్ బీ గారు కూడా ఫోన్‌లోనే చెప్పారు. ఈమెకు వన్ టౌన్‌లో గాజుల కొట్టు ఉంది. లండన్‌లో చదువుకుంటున్న మనవరాలు నుస్రత్‌ను చూడటానికి వెళుతున్నారు. ముగ్గురి మాటలూ సరిపోల్చి, సరిపోయినవే వ్రాస్తున్నాను.

హైదరాబాదులో పొద్దున ఎక్కితే అక్కడి మధ్యాహ్నానికి దిగే విమానం. పదిన్నర గంటలు. తనిఖీ దగ్గరే మొదటి ఆటంకం వచ్చింది. సంచీలో పాలపొడి డబ్బాలు, వేడినీళ్ళ ఫ్లాస్కు, గుడ్డలు, వాటి కింద ముక్కు సాగిన చిన్న గిన్నె ఒకటి కనిపించింది.

"ఏంటమ్మా ఇది?" అని అడిగాడు తనిఖీ ఉద్యోగి.

"ఉగ్గుగిన్నె బాబూ."

"దీంతో ఏం చేస్తారు?"

"ఇంటికెళ్ళి మీ అమ్మగారిని అడుగు. నీకూ దీంతోనే పాలు పట్టుంటది."

వెనక వరసలో వాళ్ళంతా నవ్వారట. గిన్నె విమానం ఎక్కింది.

రెండో ఆటంకం సీట్లు. శౌరమ్మ, దీవెన పక్కపక్కన కూర్చుని ఒకరి తరువాత ఒకరికి పాలు పట్టుకోవచ్చని అనుకున్నారు. విమానంలో ప్రమాద సమయంలో పైనుంచి ఊపిరి గొట్టాలు దిగుతాయట. సీట్ల గుంపు ఒక్కొక్కదానికి ఒక్క గొట్టమే అదనంగా ఉంటుంది కాబట్టి, ఒకే గుంపులో ఇద్దరు పసివాళ్ళు ఉండకూడదని విమానం అమ్మాయి చెప్పింది. అందుచేత నడవకు ఇటు దీవెన, ముందు గోడకు తగిలించిన చిన్న తొట్టి. అటు శౌరమ్మ, జమాల్ బీ గారు. పిల్లలను నడవ మీదుగా అందుకోవడం, అందించడం.

శౌరమ్మ తల ఎత్తి పైన సామాను అర వైపు చూసింది.

"ఆ పిల్లని అడగవే. పైన దానికి నా చీర కడితే ఇద్దరూ హాయిగా పడుకుంటారుగా?"

"అమ్మా, విమానంలో ఉయ్యాల కట్టనివ్వరే."

"చల్లపల్లి బస్సులో కట్టా. బందరు పాసింజర్లో కట్టా. దీనికేం వచ్చింది?"

"నేనడగను. పరువు పోద్ది."

"నువ్వడగవు. నేనడిగితే ఆ పిల్లకి అర్థం కాదు. పోనీలే, నా కాళ్ళే ఉయ్యాల" అని చెప్పులు విప్పి కాళ్ళు చాపింది.

కవలలకు పాలు పట్టడంలో ఆమెకు వార్డులో అలవాటైన పద్ధతి ఉంది. మూడు గంటలకొకసారి. ఒకడికి తల్లి పాలు, ఒకడికి సీసా. తరువాతి సారి తారుమారు. చిన్న నోటుపుస్తకంలో ఒకడి పేరు కింద ఒక గీత, ఇంకొకడి పేరు కింద ఒక గీత. నాలుగు నెలలకు జోయెల్ బరువులోనూ అన్నను అందుకున్నాడు గనుక, వీళ్ళను తేడా పట్టడానికి ఇంట్లో ఒక గుర్తు పెట్టుకున్నారు. ఆరోన్‌కు కుడి బుగ్గ మీద దిష్టి చుక్క. జోయెల్‌కు మొదట్లో బుగ్గల మీద పేలినట్లుండేది గనుక, అది తగ్గాక కూడా ముఖాన ఏమీ రాయవద్దని డాక్టరుగారు చెప్పారు. వాడి చుక్క అరికాలిలో. మేజోళ్ళలో ఉండేది, పైకి కనపడదు. బుగ్గన చుక్క ఉంటే ఆరోన్, లేకపోతే జోయెల్. ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు. ఇద్దరికీ ఒకే పసుపు ఉన్నితో ఒకేరకం టోపీలు అల్లి ఇచ్చింది మా శివపార్వతి. ఈ వ్యవహారంలోని పొరపాట్లలో మా ఇంటి వాటా రెండింతలని ఒప్పుకుంటున్నాను.

విమానం పైకి లేచేటప్పుడు పిల్లల చెవులు దిబ్బడ వేయకుండా గుటక వేస్తూ ఉండాలి. దీవెన ఆరోన్‌ను రొమ్ముకు పెట్టుకున్నది. శౌరమ్మ జోయెల్‌కు సీసా పట్టింది. ఇద్దరూ ఏడవకుండానే మబ్బులు దాటారు. మూడు గంటల తరువాత తారుమారు చేశారు. అదీ సవ్యంగా జరిగింది. జమాల్ బీ గారు ముచ్చటపడి, "వదినా, నువ్వు ఈ విమానంలో ఉద్యోగం చెయ్యమ్మా. అన్నం బళ్ళు తోసే వాళ్ళకన్నా నీ పని పద్ధతిగా ఉంది" అన్నారట.

మూడోసారికి దీవెన అలసిపోయి నిద్రపోయింది. ఈసారి జోయెల్ సీసా వద్దని నాలుకతో తోసేశాడు. శౌరమ్మ ఉగ్గుగిన్నె తీసి కొంచెం కొంచెంగా, మొత్తం పాలు పట్టింది. భుజాన వేసుకుని త్రేనుపు వచ్చేదాకా తట్టి, జమాల్ బీ గారి ఒడిలో పడుకోబెట్టింది. తొట్టిలో ఆరోన్ నిద్రపోతున్నాడు. దీవెనను పావుగంట పడుకోనిచ్చి, తరువాత లేపి వాడికి పాలిప్పిద్దామని, ఈలోగా గిన్నె కడిగి వేడినీళ్ళు తెచ్చుకుందామని వెనక్కి వెళ్ళింది.

అప్పుడు విమానం కుదుపులకు లోనయింది. వెనక ఉన్న శౌరమ్మను సిబ్బంది అక్కడే కూర్చోబెట్టి బెల్టు వేశారు. ముందు దీవెనను లేపి, తొట్టిలో ఉన్న బిడ్డను ఆమె ఒడిలో పెట్టారు. కుదుపులు ఆగగానే దీవెన బాత్‌రూముకు వెళ్ళవలసి వచ్చి, "కాస్త వీణ్ణి కూడా పట్టుకోండి పిన్నీ" అని ఆరోన్‌ను జమాల్ బీ గారి చేతికిచ్చి వెళ్ళింది.

జమాల్ బీ గారి చేతుల్లో ఇప్పుడు ఇద్దరు. ఆమె ఒకణ్ణి చూశారు, రెండోవాణ్ణి చూశారు. ఒకడి బుగ్గన చుక్క ఉంది. ఇంకొకడికి లేదు. మూడు వందల మంది కళ్ళున్న విమానంలో, బంగారంలాంటి బిడ్డ చుక్క లేకుండా ఉండటం ఆమె చూడలేకపోయారు. పాపం శౌరమ్మ పనిలో పడి మరచిపోయి ఉంటుందని తలచి, ఇద్దరినీ శౌరమ్మ ఖాళీ సీట్లో పక్కపక్కన పడుకోబెట్టి, ఒక చెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో సంచీలోంచి కాటుక డబ్బీ తీశారు. లేనివాడికి కుడి బుగ్గన పెట్టారు. పక్కవాడి చుక్కను చూసుకుంటూ, అంతే పరిమాణంలో, అదే చోట పెట్టారు. తిరగరాతలో ఆమె నాకన్నా జాగ్రత్తపరురాలు.

శౌరమ్మ తిరిగి వచ్చేసరికి ఒక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఒకడు నిద్రపోతున్నాడు. ఇద్దరి కుడి బుగ్గనా చుక్క.

"ఇదేంటి వదినా?"

"చుక్క పెట్టడం మర్చిపోయావుగా, నేను పెట్టా. చూడు, ఎంత ముద్దుగా ఉన్నారో."

"ఎవరికి పెట్టావు?"

"లేనోడికి."

"ఆ లేనోడు ఏడి?"

జమాల్ బీ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఏడుస్తుంటే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి రెండుసార్లు మార్చానమ్మా. ఇప్పుడు నన్నడిగితే ఎట్టా?"

దీవెన వచ్చి, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకున్నది. "వీడే ఆరోను. ఆకలేసి ఏడుస్తున్నాడు" అన్నది.

"ఎట్టా చెప్పావే?"

"అట్టా అనిపించింది."

"అనిపిస్తే చాలదు."

ఎందుకు చాలదో తమరికి మనవి చేయాలి. జోయెల్ కడుపు నిండినా వాయువుతో ఏడుస్తాడు. ఆరోన్ ఆకలైనా నిద్రపోతాడు. కడుపు నిండిన జోయెల్‌కు మళ్ళీ పాలు పడితే కక్కుకుని, పాలు ముక్కులోకి ఎక్కుతాయి. రెండో నెలలో ఒకసారి అలాగే జరిగి ఊపిరి అందక ఆసుపత్రికి పరుగెత్తారు. ఏడ్చేవాడికి పాలివ్వడమనే సులువైన మార్గం ఇక్కడ పనికిరాదు.

వెనక వరసల్లోంచి సలహాలు వచ్చాయి. ఇద్దరికీ చెరి సగం పట్టమన్నారు ఒకరు. చీటీ వేయమన్నారు మరొకరు. అందరూ శౌరమ్మ ముఖం చూస్తున్నారు. ఇరవై నాలుగేళ్ళుగా వార్డులో చేస్తున్న ఆయా అని జమాల్ బీ గారు అప్పటికే చుట్టుపక్కల నాలుగు వరసలకూ చెప్పి ఉన్నారు. ఏదో ఒక బిడ్డ మీద చెయ్యి వేసి వీడే అని చెప్పేస్తే నమ్మనివారు లేరు.

శౌరమ్మ అందరికీ వినబడేలా అన్నది: "అమ్మాయ్, నేను పాలు పట్టిన బిడ్డ ఎవడో నాకు తెలియట్లేదే. తెలిసేదాకా ఎవరికీ చుక్క పాలు పట్టొద్దు."

"ఇంట్లో ఒక పనిలో తప్పయిందని అమ్మ నోట ఎప్పుడూ వినలేదు అంకుల్" అని దీవెన ఫోన్‌లో నాతో అన్నది. "అంతమందిలో అట్టా అనేసింది. నాకు భయమేసింది. కానీ అమ్మ భయపడలేదు."

తరువాత ఆమె ఇద్దరి మేజోళ్ళూ విప్పించింది. అరికాలి చుక్క ఉంటుందని ఆశ. ఉన్ని మేజోడు రాపిడికి అది ఎప్పుడో చెరిగిపోయింది. ఇద్దరి అరికాళ్ళూ ఒకేలా, గులాబీ రంగులో ఉన్నాయి. దీవెన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శౌరమ్మ మాత్రం పాదాలు వదలలేదు. నిద్రపోతున్నవాడి ఎడమ మడమ మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాసింది. మెత్తగా ఉంది. ఏడుస్తున్నవాడి ఎడమ మడమ తీసుకున్నది. రాస్తూ ఒకచోట ఆగింది. మళ్ళీ వెనక్కి రాసింది. చర్మం కింద ఆవగింజంత గట్టిదనం. పదకొండు రోజులు సూదితో పొడిచిన చోటు. కంటికి కనపడదు. ఆ పాదాన్ని పట్టుకున్న వేలికి మాత్రమే తెలుస్తుంది.

"వీడు జోయెలు" అన్నది. "పాలొద్దు వీడికి. వాయువు. ఇటివ్వు."

జోయెల్‌ను బోర్లా భుజాన వేసుకుని వీపు నిమురుతూ నడవలో నాలుగుసార్లు తిరిగేసరికి, ఆ పొట్టకు మించిన పెద్ద త్రేనుపు వచ్చింది. రెండు వరసలవాళ్ళు చప్పట్లు కొట్టారట. ఆరోన్‌ను బలవంతాన లేపి దీవెన పాలిచ్చింది. ఆకలిగా ఉన్నానని ఒక్కసారి కూడా చెప్పనివాడు, రొమ్ము అందగానే గబగబా తాగాడు.

జమాల్ బీ గారు తడిగుడ్డ తీసి తాను పెట్టిన చుక్కను తానే తుడిచారు. "అరికాలికి నేనే పెడతా, ఏ కాలో చెప్పు" అన్నారు.

"నువ్వు కాటుక డబ్బీ ముట్టుకోమాకు వదినా, నీకు దణ్ణం పెడతా" అన్నది శౌరమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. దిగేటప్పుడు చెవుల కోసం నాలుగోసారి పాలు పట్టారు. నోటుపుస్తకంలో గీతలన్నీ సరిపోయాయి. ఎనిమిదికి ఎనిమిది.

లండన్‌లో బాలశౌరి ఎదురువచ్చి, ఒక్కొక్కరినీ ఎత్తుకుని, "వీడు ఆరోనేనా అత్తయ్యా?" అని అడిగాడు.

"మడమ చూసుకో అల్లుడూ. చుక్కల్ని నమ్మమాకు" అన్నది శౌరమ్మ.

ఆమె పదిహేను రోజుల సెలవులో పద్నాలుగో రోజునే విజయవాడ చేరింది. పదహారో రోజు పొద్దున డ్యూటీకి వెళ్ళింది. అక్కడ మెమో ఇచ్చి, విచారణ పూర్తయ్యేదాకా లాండ్రీలో పని చేయమన్నారు.

తరువాత నాలుగు రోజులు ఆమె మా ఇంటి వైపు రాలేదు. శివపార్వతి వాళ్ళింటికి వెళ్ళి, ఒక జిరాక్సు కాగితంతో తిరిగి వచ్చింది.

"ఈ దస్తూరీ ఎవరిదండీ?"

"నాదే. ఏం?"

"చదవండి."

చదివాను. మార్జిను బాగుంది. తేదీ బాగుంది. మూడో వాక్యం రెండుసార్లు చదివాను.

"ముప్పై ఆరేళ్ళూ కాలవల ఆఫీసులో ఇదేనా మీరు చేసింది?" అన్నది శివపార్వతి. "బందరు కాలవకి వదలాల్సిన నీళ్ళు ఏలూరు కాలవకి వదిలి, మార్జిను చూసుకుని మురిసిపోయారా?"

నేను చొక్కా వేసుకుని శౌరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె లాండ్రీ నుంచి అప్పుడే వచ్చి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నది. నా పేరు ఆఫీసులో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సంతకం ఎవరిదని అడిగారండీ. నాదే అన్నా. రాసిందెవరని అడగలేదుగా."

"అడగకపోతే మాత్రం? నేనే వెళ్ళి చెబుతాను."

"ఈ వయసులో మీకెందుకండీ ఆ మెట్లెక్కడం. లాండ్రీ అంటే ఏమన్నా కొత్త చోటా? పిల్లల గుడ్డలన్నీ అక్కడికేగా వచ్చేది." ఆమె నవ్వింది. నూనె సీసా మూత బిగించి, "వార్డు కిటికీ ముందు నుంచి పోతే కాళ్ళు ఆగిపోతున్నాయండీ. అందుకని వెనక మెట్లమీద నుంచి పోతున్నా" అన్నది.

సిస్టర్ గారూ, ఆమె మీద తమరు మోపిన అభియోగం అబద్ధమాడినదని. ఆకాశంలో, తన కూతురు ముందు, ముక్కూమొహం తెలియని జనం ముందు, నాకు తెలియదు అని చెప్పడానికి ఆమె సందేహించలేదు. అలా చెప్పి ఆగబట్టే బిడ్డకు హాని జరగలేదు. పసిపిల్లల వార్డులో ఏ బిడ్డకు ఏ మందు వేశారో సందేహం వచ్చిన రోజున, ఆ మాట నోరు తెరిచి చెప్పగల మనిషి అక్కడ ఉండటం అవసరమని నా అభిప్రాయం. చదవకుండా సంతకం పెట్టడం ఆమె వైపు లోపమే. దానికి ఆమెను మందలించవచ్చు. చదవకుండా వ్రాయడం అంతకన్నా పెద్ద లోపం. అది నాది.

కాబట్టి, నాలుగేళ్ళ నాటి మాదిరి అర్జీని, దాన్ని చూసి నేను తిరగరాసిన సెలవు అర్జీ నకలును, ప్రయాణపు టిక్కెట్ల నకళ్ళను, సరైన కారణంతో కొత్తగా వ్రాసి ఆమె చేత చదివించి సంతకం పెట్టించిన అర్జీని దీనితో జతపరుస్తూ, శౌరమ్మ తరఫున నేను సవినయంగా విన్నవించుకునేదేమనగా: ఆమెకు జారీ చేసిన మెమోను ఉపసంహరించి, అసత్య కారణమన్న మాటను ఆమె సర్వీసు పుస్తకం నుంచి తొలగించి, ఆ పొరపాటును నా పేరున నమోదు చేసి, వచ్చే సోమవారం ఉదయం డ్యూటీ నుంచి ఆమెను తిరిగి పసిపిల్లల వార్డులో నియమించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.